ఒరుగులక్క

పోయిన శుక్రవారం మా పాత బిల్డింగు వాట్సాప్ గ్రూపులో ఆమె చావు కబురు వచ్చింది. గ్రూపు పేరు ఇంకా 'మలాజ్ ఫ్యామిలీస్' అనే ఉంది గానీ, మలాజ్‌లో ఇప్పుడు మావాళ్లెవరూ లేరు. రియాద్ నడిబొడ్డున ఉన్న ఆ పాత పేటలో ఒకే బిల్డింగులో పక్కపక్కనే వండుకు తిన్నవాళ్లం, తలా ఒక ఊరికి చెదిరిపోయాం. కబురు కింద వరసగా దండాల బొమ్మలు పడ్డాయి. ఒకామె 'ఓం శాంతి' అంది. ఇంకొకామె 'చాలా మంచి మనిషి' అని రాసింది. అది పచ్చి అబద్ధమని గ్రూపులో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ తర్వాత మహబూబ్‌నగర్ నుంచి ఒకామె అడిగింది: "ఆ ఒరుగుల మిషిను ఇప్పుడు ఎవరి దగ్గరుంది?"

నాకు నవ్వొచ్చింది. వెనకాలే ఏడుపూ వచ్చింది. ఆ ప్రశ్న ఆమె విని ఉంటే మెచ్చుకునేది. తనే అయితే దండం బొమ్మ కూడా పెట్టకుండా ముందు అదే అడిగేది.

ఆమెను మేం ఒరుగులక్క అనేవాళ్లం. ఆమె లేనప్పుడు అనుకునే పేర్లు వేరే ఉన్నాయి. వాటిలో కాస్త మర్యాదైనది 'పీనుగ మీద పేలాలు ఏరుకునే మనిషి'. జగిత్యాల దగ్గర పల్లెటూరు. మొగుడు ఏసీ మెకానిక్కు. ఒక్కతే కూతురు, పెళ్లయి నిజామాబాదులో ఉండేది. సన్నగా, పొడుగ్గా, నవ్వినా పళ్లు కనపడని మనిషి. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ఖాళీ టబ్బు చంకన పెట్టుకుని మెట్ల మీద ఎదురైందంటే, ఆ పైనో కిందో ఎవరికో ఎగ్జిట్ పడిందని అర్థం.

ఆ రోజులే అలాంటివి. ఇంట్లో ఉన్న భార్యకూ పిల్లలకూ తలకింత అని ప్రభుత్వం లెవీ వేసింది. ఏటేటా పెంచుకుంటూ పోయింది. ఏడాదిది ఒకేసారి కడితేగానీ ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యూ కాదు. దానికి తోడు నితాఖత్. సౌదీ వాళ్లను సరిపడా ఉద్యోగంలో పెట్టుకోని కంపెనీలను ఎరుపులో వేసేవాళ్లు. ఎరుపులో పడ్డ కంపెనీలో మనలాంటి వాళ్ల కాగితాలేవీ కదలవు. దాంతో ఎప్పుడు చూసినా ఏదో ఒక కుటుంబం ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్లీ రాని విధంగా, పెట్టెలు కట్టుకుంటూ ఉండేది. ఆ మాట ఏ ఇంట్లో పడినా మర్నాటికల్లా ఆమె వచ్చి తలుపు కొట్టేది.

"ఎగ్జిట్ వడ్డదట గదా. ఫ్రిజ్జుల ఏమున్నది?"

పలకరింపు అదే. పిల్లల చదువెట్లా అనో, ఊళ్లో ఏం చేస్తారనో అడగదు.

మొదటి అంతస్తు షాహీన్ ఇంట్లో నేనూ ఉన్నానప్పుడు. హైదరాబాదు పిల్ల. కాపురం మొదలుపెట్టింది రియాద్‌లోనే, ఇద్దరు పిల్లల్ని కన్నదీ అక్కడే. అట్టపెట్టెల మధ్య కూర్చుని, పిల్లలు రంగు పెన్సిళ్లతో గీసిన గోడను చూస్తూ వెక్కి వెక్కి ఏడుస్తోంది. నేను వీపు నిమురుతున్నాను. ఒరుగులక్క తలుపు తోసుకుని వచ్చింది. మమ్మల్ని దాటుకుని వంటింట్లోకి పోయింది. ఫ్రిజ్జు తెరిచిన చప్పుడు, అరలు లాగిన చప్పుడు వినపడ్డాయి. కాసేపటికి టబ్బు నిండా టమాటాలు, బెండకాయలు, పుదీనా వేసుకుని బయటికొచ్చింది.

"ఇవన్ని మురిగిపోతయ్ గదా" అంది.

"లే జావ్ అక్కా, సబ్ లే జావ్" అంది షాహీన్ ముక్కు తుడుచుకుంటూ.

"అన్ని నాకెందుకు? ఎండవెట్టి ఇస్త. సగం నీకు, సగం నాకు. సంచిల బరువు సుత ఉండది." అని, వంగి షాహీన్ మొహంలోకి చూసింది. "ఏడ్వు, ఏడ్వు. లోపట నీళ్లున్నన్ని దినాలు ఏదైన మురుగుడే. నీళ్లు వోతె ఎక్కడ వడేసినా నిలుస్తవ్."

షాహీన్ ఏడుపు ఆపి నోరు తెరుచుకుని చూసింది. నాకు ఒరుగులక్క చెంప పగలగొట్టాలనిపించింది. 

"ఏమక్కా, పుండు మీద కారం చల్లేకి వచ్చినావా?" అన్నాను. మాది కర్నూలు, మేమూ నోరు లేనివాళ్లం కాదు.

"కారం గాదు, ఉప్పు. టమాటకు ఉప్పే జల్లుతరు" అంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

మాట మాత్రం నిలబెట్టుకుంది. షాహీన్ వాళ్లు బయల్దేరే రోజు పొద్దున్నే కవర్లు తెచ్చి, ఎవరినీ అడక్కుండా పెట్టెలో బట్టల మధ్య దూర్చింది. అంత టబ్బు కూరగాయలూ గుప్పెడు బరువు లేవు. హైదరాబాదు పోయాక షాహీన్ మెసేజి పెట్టింది, ఆ టమాటా ఒరుగులతో పప్పు చేసుకున్నానని, తింటున్నంతసేపూ ఆమెను తిట్టుకున్నానని.

మిగతా సగం ఆమె వంటింటి అలమరలో గాజు సీసాల్లోకి ఎక్కేది. ఆ సీసాలను ఆమె కూరగాయల పేర్లతో పిలిచేది కాదు, మనుషుల పేర్లతో పిలిచేది. ఎవరు ఇంటికెళ్లినా ఒక సీసా దించి పళ్లెంలో పోసేది. "తిను. ఇది రెండో అంతస్తు గుంటూరోళ్ల కాకరకాయ. వాళ్లు వొయ్యి ఏడాదాయె. సూడు, ఇంక కరకరమంటున్నది." వెళ్లిపోయిన వాళ్లను అలా కూర్చుని నమిలేవాళ్లం. ఎవరికీ గొంతు దిగకూడదు నిజానికి. కానీ ఉప్పూ పసుపూ పట్టి, గాజుముక్కల్లా ఎండిన ఆ కాకర చక్రాలు ఎంత రుచిగా ఉండేవంటే, తిట్టుకుంటూనే పళ్లెం ఖాళీ చేసేవాళ్లం.

ఆ మిషిను ఆమె మొగుడు తెచ్చిందే. ఎవరో సౌదీ వాళ్లింట్లో ఏసీ బాగు చేయడానికి పోతే, ఆ ఇంటామె పెట్టెతో సహా చేతికిచ్చి చెత్తలో పడెయ్యమందట. డీహైడ్రేటర్ అంటారు. జల్లెడల్లాంటి గుండ్రటి పళ్లేలు ఒకదాని మీద ఒకటి, అడుగున వేడిగాలి ఊదే ఫ్యాను. కాలిపోయిన మోటారు తీసేసి ఆయన వేరేది బిగించాడు. మా డాబా మీదికి పోయే తలుపుకు ఎప్పుడూ తాళమే. తాళం తీసినా ఆ దుమ్ముగాలికి ఆరేసింది ఏదీ నోట్లో పెట్టుకోలేం. కాబట్టి ఆమెకు ఎండ అంటే ఆ మిషినే. పొద్దస్తమానం గుర్రుమంటూ ఉండేది. మూడో అంతస్తు మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ రోజు అందులో ఏముందో ముక్కుకు తెలిసిపోయేది.

కాయ కోయడం దగ్గర్నుంచి ఆమెకు పట్టింపే. ముక్క మందం ఒక్కటిగా లేకపోతే కోసిన వాళ్లను మాటలతో కోసేది. పై పళ్లెం కిందికి, కింది పళ్లెం పైకి మారుస్తూ ఉండేది. మిరపకాయల్ని చీల్చి పుల్లటి మజ్జిగలో ఊరేసి ఎండబెట్టేది. ఉనైజా ఖర్జూరాలు వచ్చే కాలంలో వాటిని చీల్చి, నువ్వులద్ది ఆరబెడితే మా పిల్లలు జేబుల్లో పోసుకుని తిరిగేవాళ్లు. అయిందో లేదో చూడటానికి ఒక ముక్క తీసి రెండు వేళ్ల మధ్య వంచేది. వంగితే మళ్లీ లోపలికే. టప్పుమని విరిగితే అయినట్టు. మనుషుల్ని కూడా ఆ వేళ్లతోనే చూసేది. షాహీన్ విమానం ఎక్కిన రోజు నాతో, "ఆ పోరి ఇంక వంగుతున్నది, ఇంకొన్ని దినాలు కావాలె" అంది.

ఆ సౌదీ ఆమె ఇచ్చిన పెట్టెలోనే చిన్న పుస్తకం ఒకటుంటే నేను చదివి చెప్పాను. "అక్కా, ఈ మిషినుకు ఉప్పు అవసరం లేదంట. ఊరకనే ఎండబెట్టొచ్చంట."

"పుస్తకం రాసినోడు ఏడాది నిలువవెట్టి సూసిండా? ఉప్పు లేంది పీనుగు సుత ఆగది" అని పిడికెడు ఉప్పు ఇంకాస్త ఎక్కువే వేసింది, నా మీది కసితో.

ఆ ఉప్పు ముచ్చట్లోనే ఆమె మొగుడి గురించి చెప్పాలి. నెమ్మదైన మనిషి. నేను బావ అనేదాన్ని. బీపీ ఉండేది, గోళీలు మింగేవాడు. అన్నం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకోకముందే "ఉప్పెక్కువైంది" అనేవాడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి నిజంగానే ఎక్కువైందట. అప్పట్నుంచి అదొక ఆట వాళ్లిద్దరికీ.

"నోట్లె వెట్టకముందే ఎట్లెరికైంది?" అని ఆమె గరిటె ఎత్తేది.

"నీ మొకం జూస్తె ఎరికైతది."

ఆ మాటకు మాత్రం ఆమె పళ్లన్నీ కనపడేలా నవ్వేది. ఇంకెవరి మాటకూ అలా నవ్వగా నేను చూడలేదు.

నిజానికి ఆమె వండిన కూరలో ఉప్పు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. ఒరుగుల్ని ముందు వేడినీళ్లలో వేసేది. మెత్తబడ్డాక గట్టిగా పిండి, ఆ నీళ్లు సింకులో పారబోసేది. మళ్లీ నీళ్లు పోసి, మళ్లీ పిండి పారబోసేది. ఆ తర్వాతే తాలింపు. ఆ పని జరుగుతున్నంతసేపూ ఎవరో ఒకరిని తిడుతూ ఉండేది, తన చేతుల వైపు కూడా చూసుకునేది కాదు. గంజి వార్చినంత మామూలుగా జరిగిపోయేది.

ఇంతమంది ఫ్రిజ్జులు ఖాళీ చేసింది గానీ, తన వరకూ వస్తే ఆమెది ఒకటే పంతం. తను పోదు. మొగుణ్ని బ్యాచిలర్ రూముకు పోనివ్వదు. ఆమె తమ్ముడు దమ్మాంలో ఒక క్యాంపు రూములో చచ్చిపోయాడు. జ్వరమని పడుకున్నాడట. పక్క మంచాల వాళ్లు డ్యూటీకి పోయి సాయంత్రం వచ్చి చూసేసరికి బిగుసుకుపోయి ఉన్నాడట. మంచం కింద మెస్సు గిన్నెలో ముందు రోజు అన్నం అలాగే ఉందట. ఆ గిన్నె సంగతి ఆమె నాకు చాలాసార్లు చెప్పింది.

"బ్యాచిలర్ రూమ్ల జొర్రిన మొగోడు సగం సచ్చినట్టె. గీయనకు బీపీ. మెస్సుల ఏ నూనె వోస్తరో, ఏం కలుపుతరో. ఆర్నెల్లు సుత ఉండడు. నేను వోతె గీయన వోతడు, రాసివెట్టుకో."

లెవీ కోసం ముందు గాజులు పోయాయి, తర్వాత గొలుసు పోయింది. మెడలో పసుపుతాడు మిగిలింది. అయినా టబ్బు పట్టుకుని వేరేవాళ్ల తలుపులు కొడుతూనే ఉంది. అప్పుడు నాకు అర్థం కాలేదు గానీ, ఇంకొకరు పోయిన ప్రతిసారీ తను ఇంకా ఉన్నందుకు ఆమెకు ఒక రకమైన సంబరం ఉండేదనుకుంటాను. క్రూరమైన సంబరమే. ఆ రోజుల్లో మాకందరికీ అది ఎంతో కొంత ఉండేది. ఆమె దాచుకునేది కాదు, అంతే తేడా.

చివరికి ఆయన కంపెనీ ఎరుపులో పడింది. వాళ్లు ఒకటే దారి చూపించారు. అల్ ఖర్జ్‌లో ఒక పాల ఫారం కాంట్రాక్టు ఉంది, పాలు చల్లబరిచే మిషన్లు చూసుకోవాలి, అక్కడికైతే ఇఖామా కదులుతుంది. కానీ క్యాంపులో ఉండాలి, ఫ్యామిలీ కుదరదు. ఆ కాంట్రాక్టు ఏడాది పూర్తి చేస్తేనే ఇన్నేళ్ల సర్వీసు డబ్బు చేతికొస్తుంది. ఇప్పుడే పోతానంటే ఖాళీ చేతుల్తో పొమ్మన్నారు.

"ఇద్దరం పోదాం" అంది ఆమె.

"ఒక్క ఏడాది. కండ్లు మూసి తెరిచెటాల్లకు ఒడుస్తది" అన్నాడాయన.

రెండు రోజులు ఆ ఇంట్లోంచి మిషిను చప్పుడు రాలేదు. మూడో రోజు పొద్దున్నే మళ్లీ గుర్రుమంది. వెళ్లి చూస్తే వంటిల్లంతా కూరగాయలే. నేల మీద కాలు పెట్టే చోటు లేదు. కత్తిపీట ముందు కూర్చుని, నా వైపు చూడకుండానే అంది: "ఏడాదికి సరివోను తిండి ఎండవెడ్తున్న. మెస్సు గిన్నె ముట్టద్దు ఆయన. ఇగ ఎవ్వడు సంపుతడో సూస్త."

ఎన్ని వారాలు అలా చేసిందో. సాయంత్రాలు కూరగాయల బజారు కట్టేసే వేళకు పోయి, మిగిలినవి బస్తాలుగా మోయించుకొచ్చేది. బెండ, కాకర, గోరుచిక్కుడు, వంకాయ, టమాటా, మామిడి. ఉడకబెట్టిన పప్పు కూడా పలచగా పరిచి ఎండబెట్టింది. క్యాంపులో ఎలా ఉంచుతారో, చెమ్మకు మెత్తబడి బూజు పడుతుందేమోనని మామూలు కంటే రెండు పిడికిళ్లు ఎక్కువ ఉప్పు దట్టించింది. వేళ్లు ఉప్పుకు పగిలి నెత్తురు కారితే గుడ్డ చుట్టుకుని కోసింది. నేను సాయం చేస్తానంటే "నీ ముక్కలు దొడ్డుగ వస్తయ్, పో" అంది. అలమరలోని సీసాలు కూడా అన్నీ దించింది. గుంటూరు వాళ్ల కాకర, షాహీన్ బెండ, ఎవరెవరివో. అందరూ కవర్లలోకి ఎక్కి అల్ ఖర్జ్‌కు తయారయ్యారు.

ఆయనకు అప్పజెప్పేటప్పుడు నేనక్కడే ఉన్నాను.

"ఎట్ల వండుకోవాలె?" అన్నాడాయన.

"వేడి నీళ్లల్ల ఎయ్యి. మూతవెట్టు. మెత్తగైతయ్. తాలింపు వెట్టుకో. గంతె."

"గంతేనా?"

"గంతె. గది సుత శాతగాదా?"

"శాతనైతది. ఉప్పు మాత్రం ఎక్కువైతది" అన్నాడు. ఆమె పళ్లన్నీ కనపడేలా నవ్వి, కవరుతో ఆయన భుజం మీద కొట్టింది.

ఆమె వెళ్లే రోజు బిల్డింగులో మిగిలిన ఆడవాళ్లందరం పోయాం. పైకి చెప్పింది వీడ్కోలుకని. ఆమె ఏడుస్తుంటే చూడాలని అందరి మనసులోనూ ఉంది. నేను అందరికంటే ముందు నిలబడి, షాహీన్ బాకీ తీర్చినట్టు అడిగాను: "ఎగ్జిట్ పడిందంట కదక్కా. ఫ్రిజ్జులో ఏముంది?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె పోయి ఫ్రిజ్జు తలుపు బార్లా తెరిచింది. లోపల కొత్తదానిలా తుడిచి ఉంది. అరలో ఒక కరివేపాకు రెబ్బ కూడా లేదు. ప్లగ్గు ఎప్పుడో పీకేసింది, దీపం కూడా వెలగలేదు.

"సూడుండ్రి. దగ్గరికొచ్చి మంచిగ సూడుండ్రి. మీకేం దొరకది" అంది.

ఒక్క కన్నీటి బొట్టు లేదు. కింద కారు దగ్గర మాత్రం ఆయన చొక్కా గుండీ ఒకటి ఊడి వేలాడుతుంటే, దాన్ని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మేం మెట్ల మీద నిలబడి చూశాం.

కొన్నాళ్లకు మేమూ కర్నూలు వచ్చేశాం. అప్పుడప్పుడూ ఫోను చేసేది. మొదటిసారి చేసినప్పుడు మిషిను గురించే. సంచిలో వేరే ఏమీ పెట్టుకోకుండా దాన్ని మోసుకుపోయింది గదా. ఇంటికి పోయి ప్లగ్గు పెట్టగానే ఒక్కసారి గుయ్యిమని పొగొచ్చి మాడిపోయిందట. మలాజ్‌లో మా బిల్డింగు కరెంటు మన కరెంటులో సగమే. ఆ సంగతి ఏసీ మెకానిక్కుకు తెలియకుండా ఉంటుందా?

"ఫోన్ల కడిగేసిన. గింత పెద్ద మెకానిక్కువు, గా ముక్క చెప్పద్దా అన్న. ఎరికే గదా అనుకున్న అంటడు. నీకెరికైతె నాకెరికైనట్టా అన్న. నోరు మూసుకున్నడు."

"బావ ఎట్లున్నాడక్కా? తింటున్నాడా?"

"తింటున్నడు. రోజు అడుగుత. తిన్న అంటడు, ఉప్పెక్కువైంది అంటడు. గాడ వొయ్యి సుత బుద్ధి మారలే." ఫోనులో ఆమె నవ్వు వినపడింది.

ఏడాది నిండకుండానే ఆయన పోయాడు. పాల ఫారంలో పనిచేస్తూ చేస్తూ తల పట్టుకుని కూర్చున్నాడట. కూర్చున్నవాడు లేవలేదు. బీపీ పెరిగి మెదడులో నరం చిట్లిందన్నారు. శవప్పెట్టె వచ్చిన రోజు ఆమె ఏడవలేదని, పెట్టె పక్కన కూర్చుని ఆయన్ను తిట్టిందని ఆమె కూతురు ఫోనులో చెప్పింది. గోళీలు మింగలేదేమో, నాకు తెలియకుండా మెస్సు తిండి తిన్నాడేమో, ఎవరికి తెలుసు అని తిట్టిందట.

ఆ తర్వాత ఒకరోజు ఆమే పిలిచింది. "రూమోడు ఛుట్టీ మీద వస్తున్నడట. ఆయన బ్యాగు దెస్తడట. నువ్వు రా. మలాజ్ సంగతులు నీకెరికే గదా."

పోయాను. చిన్న ఇల్లు. గోడకు ఆయన ఫోటో. వరండాలో ఆ మాడిపోయిన మిషిను పళ్లేలు పరిచి, వాటి మీద మిరపకాయలు ఎండబెట్టి ఉన్నాయి. మధ్యాహ్నానికి రూమ్మేటు వచ్చాడు. కోరుట్ల అతను, ముప్పై ఏళ్లుంటాయి, మంచివాడు. బ్యాగు ఆమె కాళ్ల దగ్గర పెట్టి, ఫోటోకు దండం పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె బ్యాగు జిప్పు తీసింది. చొక్కాలు, లుంగీ, గోళీల డబ్బా, అడుగున ఇంకా మిగిలిన ఒరుగుల కవర్లు. గోళీల డబ్బా తీసి ఊపి చూసింది. ఖాళీ.

"గోలీలు మింగేటోడా?" అంది.

"రోజు మింగేటోడక్కా. నా ముందలనే."

"మెస్సుల తిన్నడా?"

"ఒక్క పూట తినలే." ఇక్కడ అతనికి చెప్పడానికి ఒక మంచి మాట దొరికింది. మొహం వెలిగింది. "మూడు పూటలు నీ ఒరుగులే అక్కా. ఉప్పుప్పున్నయ్, నానవెట్టిన నీళ్లు వారబొయ్యి అన్నా అని మేము అంటుంటిమి. అన్న ఇననే ఇనకపోతుండె. మా ఇంటామె శెయ్యి వడ్డ నీళ్లురా, సుక్క సుత వారబొయ్య అంటుండె. కూరల కొన్ని వోస్తుండె, తక్కినయి గిలాసల వోస్కొని తాగుతుండె. గంత పానం అక్కా, నువ్వంటె."

నేను ఆమె వైపు చూడలేకపోయాను. గంతేనా అని ఆయన అడగడం, గంతె అని ఆమె చెప్పడం నా చెవుల్లో వినపడుతోంది.

"ఆ నీళ్లు తాగిండా?" అంది ఆమె.

"తాగేటోడక్కా."

"ఎప్పటిసంది?"

"వచ్చినప్పటిసంది. పండుగ నాడు సుత."

పాపం, అతను ఆమెను ఓదారుస్తున్నాననే అనుకున్నాడు. చావు కబురు కూడా ఇంత చల్లగా ఎవరూ చెప్పి ఉండరు. ఆమె లేచి అతనికి చాయ్ పెట్టి ఇచ్చింది. పిల్లలెందరు, మళ్లీ ఎప్పుడు పోతున్నావు అని అడిగింది. ఒకరిని ఆమె అలా అడగడం నేను వినడం అదే మొదటిసారి. గేటు దాకా పోయి సాగనంపి వచ్చింది.

వచ్చి బ్యాగులోంచి ఒక కవరు తీసుకుని వంటింట్లోకి పోయింది. నేను వెనకే పోయి గడప దగ్గర నిలబడ్డాను. వేడినీళ్లలో బెండ ఒరుగులు వేసింది. మెత్తబడ్డాక పిండి ఆ నీళ్లు పారబోసింది. మళ్లీ పోసి, మళ్లీ పారబోసింది. ఈసారి ఎవరినీ తిట్టలేదు. తన చేతుల వైపే చూసుకుంటూ ఉంది. రెండు సార్లతో ఆగే మనిషి, ఆగలేదు. పోస్తూనే ఉంది, పారబోస్తూనే ఉంది. నీళ్లు మంచినీళ్లంత తేటగా అయినా ఆపలేదు. 

"చాలక్కా" అన్నాను. వినిపించుకోలేదు. నాకు దుఃఖం ఆగలేదు. పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తాలింపు పెట్టి అన్నం వడ్డించింది. ఉప్పు డబ్బా మూత తియ్యలేదు. ఆ కూర నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టుంది. ఏ రుచీ లేదు.

"ఉప్పు సరివొయ్యిందా?" అంది, నా ఎదురుగా కూర్చుని.

"సరిపోయిందక్కా."

నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"అబద్ధమాడుతున్నవ్. అందరు గట్లనే ఆడుతరు. ఆయన ఒక్కడే నిజం చెప్పిండు. ఫోన్ చేసినప్పుడల్ల చెప్పిండు. నేను నవ్విన."

గరిటెతో ఇంకొంచెం కూర నా కంచంలో వేసింది.

"తిను" అంది.